పటిక ముక్క

కూర్మయ్య తోలు పట్టీని బడి వరండా స్తంభానికి కట్టి, ఎడమ చేత్తో లాగి పట్టుకుని, కుడి చేత్తో కత్తిని దాని మీద ఇటూ అటూ తిప్పుతున్నాడు. రాత్రంతా దంచిన వాన తెల్లారేసరికి తుంపరలోకి దిగింది. స్తంభం తడిసింది, పట్టీ తడిసింది, కూర్మయ్య పంచె మోకాళ్ల దాకా తడిసింది. తడి తోలు మీద కత్తికి పదునెక్కదని అతనికి తెలియక కాదు. తెలిసినా చెయ్యి ఊరుకోదు. పట్టీ మీద కత్తి చప్పుడు వినపడకపోతే అతనికి తెల్లారినట్టే ఉండదు.

వరండా కింద పోలీసులు గోనెపట్టాలు నెత్తిన కప్పుకుని వరసగా గొంతుక్కూర్చున్నారు. కొండ కింద ఆ పల్లెలో ఉన్న ఒకే ఒక్క పెంకుటిల్లు బడి. పిల్లల్ని ఇళ్లకు పంపేసి, ఎక్కడెక్కడి జిల్లాలవాళ్లో కలిసిన సాయుధ పోలీసుల పటాలం అందులో దిగింది. ఇది రెండో వానాకాలం. నల్లబల్ల మీద పిల్లలు రాసిన ఎక్కం ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. దాని కింద గోడకి తుపాకులు చేరేసి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరుగారిది ఒకటే పట్టుదల. ఎండ రానీ, వాన రానీ, కొండ మీద తూటాలే పేలనీ, పొద్దున్న వరసలో నిలబడే ప్రతివాడి గడ్డం నున్నగా ఉండాలి. ఈ అడవిలో మా గడ్డాలు ఎవరు చూడొచ్చారండీ అని ఒకడెవడో ధైర్యం చేసి అడిగితే, "గడ్డాలు పెంచేది వాళ్లు. మనం కాదు," అన్నాడట. వాళ్లు అంటే కొండ మీద తుపాకులు పట్టి తిరిగేవాళ్లు. ఆ ఒక్క మాటతో కూర్మయ్యకి చేతినిండా పని దొరికింది.

పనికి మొదటి అడ్డం నీళ్లు. బడి వెనక గెడ్డ, కొండ మీంచి దిగే వాగు, వానలకి ఎర్రగా పొంగి పారుతుంది. ఆ నీళ్లతో గడ్డం తడిపితే చెంపల మీద ఇసక మిగులుతుంది. ఇసక మీద కత్తి పెడితే చర్మం లేస్తుంది. అందుకని కూర్మయ్య సత్తు గిన్నె నిండా నీళ్లు పోసుకుని, తన మంగలి పొదిలోంచి పటిక ముక్క తీసి, వేళ్ల మధ్య పట్టుకుని గుండ్రంగా తిప్పుతాడు. కాసేపటికి మట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లని వంటవాడు గంగులు పొయ్యి మీద వెచ్చబెట్టి ఇస్తాడు. గడ్డం గీసేశాక మళ్లీ అదే ముక్క తడిపి చెంపల మీద రుద్దుతాడు. ఎక్కడైనా చిన్న గీరు పడితే రక్తం అక్కడికక్కడే ఆగిపోతుంది. నీళ్లకీ అదే మందు, నెత్తురికీ అదే మందు. రాజాం సంతలో కొన్నప్పుడు గుప్పిట పట్టనంత ఉండేది. ఇప్పుడు అరిగి అరిగి కోడిగుడ్డంత అయింది.

"బేగి కానీ, కూర్మయ్యా. సెలి సంపేస్తన్నాది," అన్నాడు వరసలో ముందున్న కొండబాబు. విశాఖపట్నం దగ్గర పిల్లవాడు. పటాలంలో చేరిన కొత్త ఇంకా పోలేదు.

"సెలికి గెడ్డం ఉంటేనే ఎచ్చగా ఉంటాది బావూ. ఉంచీమంటే ఉంచీనా?"

వరస నవ్వింది. కూర్మయ్య నవ్వలేదు. అతని నవ్వు ఎప్పుడూ మీసం కిందే ఉండిపోతుంది. పెద్ద మీసం అది. ముగ్గుబుట్టలా నెరిసి, చివర్లు కాస్త పైకి తిరిగి, బక్క ముఖానికి పెద్ద ఆసరాగా ఉంటుంది. వంగి వంగి పనిచేసి మెడ ముందుకి వాలిపోయింది, వెన్ను గూనిబారింది. మీసం ఒక్కటే తలెత్తుకుని ఉంది. పొద్దున్నే అందరి కంటే ముందు దానికి నూనె రాసి దువ్వుకుంటాడు. పోలీసులు దాని మీద పరాచికాలాడితే లోలోపల సంతోషిస్తాడు.

ఊళ్లో అతన్ని బర్మా కూర్మయ్య అంటారు. పెద్ద యుద్ధంలో రోడ్లు వేసే పటాలంతో పాటు మంగలిగా బర్మా సరిహద్దు దాకా వెళ్లాడు. అక్కడి వాన ముందు ఈ వాన ఏపాటిదని అతని లెక్క. జలగలు మెడల మీంచి పాకుతుంటే గడ్డాలు గీశాడు. నీళ్లు దొరకని రోజున తాగి మిగిల్చిన టీతో గడ్డాలు తడిపాడు. లారీ ఇంజను వేడికి గిన్నె ఆనించి నీళ్లు కాచాడు. పైన విమానం మోత వినపడితే కత్తి మూసి, గడ్డం గీయించుకుంటున్నవాణ్ణి కందకంలోకి తోసి, తనూ వాడి మీదే పడేవాడు. మోత పోయాక సగం గీసిన చెంప దగ్గర మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇన్నాళ్లలో తన చేతి కింద ఒక్క ముఖానికి కూడా మచ్చ పడలేదని చెప్పుకునేవాడు. అది పూర్తి నిజం కాదు. ఒక్క ముఖానికి పడింది.

ఆ ముఖం లక్ష్ముడిది. చెల్లెలు తాతమ్మ కొడుకు.

కూర్మయ్య పెళ్లాం లక్ష్మణమ్మ పిల్లాపాపా లేకుండానే కలరాలో పోయింది. తాతమ్మ మొగుడు అంతకు ముందే పోయాడు. అన్నా చెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో ఒకే పిల్లవాణ్ణి పెంచుకున్నారు. పుట్టెంట్రుకలు తీసే నాడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, మంగలి కత్తి పట్టాలి. ఆ రెండు పనులూ కూర్మయ్యే చేశాడు. పిల్లవాడి చెవులు అడ్డంగా మడిచి పట్టుకుని, ఏడుపు రాకుండా బర్మా కబుర్లు చెబుతూ గుండు గీశాడు. మొదటి గడ్డం కూడా మేనమామే గియ్యాలని వాళ్ల ఇంటి ఆనవాయితీ. ఆనాడూ ఏదో పటాలం కబురు చెప్పబోయాడు. నురగ మూతి మీద పెట్టుకుని లక్ష్ముడు పకపకా నవ్వాడు. కత్తి జారింది. గడ్డం కింద కుడి పక్క తెగి, పిల్లవాడు కదలడం వల్ల చివర్లో కొడవలిలా వంపు తిరిగింది. కూర్మయ్య ప్రాణం పోయినంత పనైంది. పటిక అదిమిపెట్టి పట్టుకుంటే లక్ష్ముడే ఓదార్చాడు. "నొప్పెట్టనేదు మావా," అని.

ఆ పిల్లవాడికి కత్తి రుచించలేదు. నెల్లిమర్ల జనపనార మిల్లులో చేరాడు. అక్కడ నలుగురితో తిరిగాడు, మీటింగులన్నాడు, కొండల్లో గిరిజనుల భూములన్నాడు. ఒకరోజు మిల్లుకీ పోలేదు, ఇంటికీ రాలేదు. ఏడాది తిరిగేసరికి ఊళ్లోకి పోలీసులు వచ్చి అడిగి వెళ్లారు. అప్పుడు తెలిసింది, కొండెక్కాడని.

పటాలానికి మంగలి కావాలని, యుద్ధంలో పనిచేసినవాడైతే మరీ మంచిదని రాజాంలో కబురు తిరిగినప్పుడు కూర్మయ్య తల అడ్డంగా ఊపాడు. తాతమ్మే పంపింది.

"ఎల్లన్నా. ఆల కేంపులోనే ఆడి కబురు ముందుగా తెలుస్తాది. ఆడు బతికున్నాడంటే సాలు నాకు. దొరికితే దొరకనీ, జైల్లో ఎట్టనీ. బతికుంటే సాలు," అంది.

అలా వచ్చాడు కూర్మయ్య. పేరు చెప్పాడు గాని, ఊరు పక్క ఊరని చెప్పాడు. లక్ష్ముడి పేరు విన్నా విననట్టు పట్టీ మీద కత్తి తిప్పుకునేవాడు. కొండ మీంచి ఎవరినైనా పట్టి తెచ్చిన రోజున అతనికి అన్నం దిగేది కాదు. ముందు కాళ్లు చూసేవాడు. ముఖం చూసే ధైర్యం ఆ తరవాత వచ్చేది. కాదని తేలాక పెరట్లోకి పోయి కూర్చుని, కాదు కాదు అని తనలో తను అనుకుని, ఆ పట్టుబడ్డవాడికి ఎవరో తల్లి ఉంటుందన్న సంగతి గుర్తొచ్చి సిగ్గుపడేవాడు.

పట్టుబడ్డవాళ్లు కొందరు జీపులో పార్వతీపురం వెళ్లేవారు. వాళ్లకి కోర్టు ఉంటుంది, జైలు ఉంటుంది, తల్లీతండ్రీ చూసి రావడానికి ఊచలుంటాయి. కొందర్ని మాత్రం నడిపించుకుంటూ గెడ్డ దాటించేవారు. గెడ్డ దాటినవాడు మళ్లీ ఇటు రాలేదు. ఆ సంగతి కేంపులో ఎవరూ నోరు విప్పి అనరు. గెడ్డ దాటించారు అంటారు, అంతే.

కొండబాబు చెంపకి నురగ పడుతుండగా హెడ్డు కానిస్టేబులు జగన్నాధం లోపల్నించి కేకేశాడు.

"కూర్మయ్యా! పొది అట్టుకుని ఇలగ రా. ఆ గిన్నె కూడా తే."

కూర్మయ్య కొండబాబుకి కాసేపు కూర్చోమని సైగ చేసి, పొది చంకన పెట్టుకున్నాడు. గిన్నెలో పటిక ముక్క అలాగే ఉంది.

వెనకటికి మేష్టారు బియ్యం, పుస్తకాలు పెట్టుకునే కొట్టుగది అది. కిటికీ చిన్నది. కిటికీ కింద ముక్కాలిపీట మీద ఒక మనిషి, చేతులు వెనక్కి కట్టి, కూర్చుని ఉన్నాడు. పక్కన తడిసిన ఉప్పు బస్తా. గుమ్మంలో ఇన్‌స్పెక్టరుగారు సిగరెట్టు వేళ్ల మధ్య పెట్టుకుని, ముట్టించకుండా నిలబడ్డాడు.

కూర్మయ్య అలవాటు ప్రకారం ముందు కాళ్లు చూశాడు. బురద కొట్టుకుపోయి, వాచి, ఎవరి కాళ్లో తెలియకుండా ఉన్నాయి. తరవాత పైకి చూశాడు. గడ్డం గుండెల దాకా పెరిగి ముఖమంతా మింగేసింది. కళ్లు లోపలికి పోయాయి. కాదు, అనుకున్నాడు. అంతలో ఆ మనిషి తల తిప్పాడు. చెవులు కనిపించాయి. అడ్డంగా మడిచి పట్టుకుని కత్తి తిప్పిన చెవులు.

కూర్మయ్య చేతిలో గిన్నె ఒలికి నీళ్లు పాదాల మీద పడ్డాయి.

"ఏంటి ముసలాడా, తెల్లారే తూగుతున్నావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరుగారు. ఆయన కృష్ణా జిల్లా మనిషి. కేకలు వేసే రకం కాదు. మెల్లగా మాట్లాడతాడు, అందుకే అందరికీ భయం. "వీడు ఒరిస్సా వైపు నుంచి ఉప్పు అమ్ముకోవడానికి వచ్చానంటున్నాడు. పేరు గంటకొకటి చెబుతున్నాడు. మనకి కావలసినవాడు ఒకడున్నాడు, మిల్లు లక్ష్ముడని. వాడితో మిల్లులో పనిచేసినవాడు ఒక గుర్తు చెప్పాడు. గడ్డం కింద కుడి పక్క, పాత కత్తిగాటు, చివర వంపు. నున్నగా గియ్యి. మచ్చ ఉందా, వీడే వాడు. లేదా, వీడి ఉప్పు వీడికిచ్చి పంపేద్దాం."

ఎవరి ముఖం మీద గాటో, ఎవరి చేతి గాటో కూర్మయ్యకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.  

"బావూ, ఈడి గెడ్డం నిండా పేలున్నాయి. కత్తి సెడిపోతాది."

"కత్తెరతో కొట్టేసి గియ్యి."

"నీలు ఇంకా తేరనేదు బావూ. మట్టితో గీస్తే..."

"తేరనియ్. నాకేం తొందర లేదు."

తొందర లేదని ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. జగన్నాధం తుపాకి నేలకి ఆన్చి గోడ పక్కన నిలబడ్డాడు. కూర్మయ్య గొంతుక్కూర్చుని గిన్నెలో పటిక తిప్పసాగాడు. తిప్పినంతసేపూ లక్ష్ముడు బతికి ఉంటాడు. అందుకని తిప్పుతూనే ఉన్నాడు. పాడు పటిక, ఎప్పుడూ లేనిది, ఇవాళ చప్పున పనిచేసింది. మట్టి అడుక్కి దిగిపోయి, పైన నీళ్లలో తన మీసం కనిపించింది.

లేచి కత్తెర తీశాడు. గడ్డం గుప్పెళ్ల కొద్దీ తెగి ఒళ్లో పడుతోంది. ఆయన కాళ్ల మీద పడితే? వీడు నా మేనల్లుడు, నా ఇంటి దీపం, ఒదిలీండి బావూ అని ఏడిస్తే? ఆ ఏడుపే సాక్ష్యం అవుతుంది. గీయనని కత్తి పారేస్తే? ఇంకొకడు గీస్తాడు, జగన్నాధమే గీస్తాడు. సబ్బు రాసి నురగ తీశాడు. వేళ్ల కింద లక్ష్ముడి చెంపలు చిక్కి, ఎముకలు తగులుతున్నాయి. తాతమ్మ చేత్తో చేసిన నువ్వులుండలు తిని బూరెల్లా ఉండే చెంపలు. కూర్మయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతి మీది నురగతోనే తుడుచుకుని, సబ్బు పడిందన్నట్టు కళ్లు చికిలించాడు.

లక్ష్ముడు అతని వైపు ఒక్కసారి చూశాడు. ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూసి, కిటికీ వైపు తిరిగాడు. మావ బతకాలని ఆ చూపు. అది కూర్మయ్యకి తెలిసింది, తెలిసి గుండె పగిలింది.

ఎడమ చెంప అయింది. పై పెదవి అయింది. గొంతు కింద అయింది. మిగిలింది కుడి పక్క గడ్డం కింద నాలుగు వేళ్ల మేర. అక్కడికొచ్చి కత్తి ఆగింది. తెల్లటి నురగ కింద పదేళ్లనాటి తన తప్పు దాక్కుని ఉంది. ఇక్కడ మచ్చ కనపడకూడదు. ఏమున్నా కనపడవచ్చు, మచ్చ కనపడకూడదు. మచ్చ మీద మచ్చ పడితే?

ఆ ఆలోచన రాగానే కూర్మయ్య తన చేతి వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా చిన్న గీరుకి మించి పడనివ్వని చెయ్యి. బర్మాలో బాంబుల మధ్య కూడా తప్పని చెయ్యి. ఇవాళ కావాలని తప్పాలి. బొటనవేలితో గడ్డం చర్మాన్ని బిగలాగి పట్టుకుని, లక్ష్ముడి కళ్లలోకి చూశాడు. వాడికి అర్థమైంది. గడ్డం ఇంకాస్త పైకెత్తి, మెడ బిగించి, రాయిలా కూర్చున్నాడు.

కూర్మయ్య కత్తి దింపి లాగాడు. తడి తోలు మీద పదునెక్కని కత్తి. కోసిందనడం కంటే చీల్చిందనాలి.

రక్తం ఒక్కసారిగా ఉబికింది. నురగ ఎర్రబడింది, మెడ మీంచి కారి చొక్కా తడిసింది.

"ఓలమ్మా! ఏటిది కూర్మయ్యా, నీ సేతిలో నెత్తురా?" అన్నాడు జగన్నాధం నమ్మలేక.

"ముసిలోణ్ణైపోనాను బావూ. సెయ్యి ఒణికీసింది. కల్లు సరిగ్గా ఆనడం నేదు." కూర్మయ్య కత్తి వెనక్కి తీశాడు. ఆ మాట అన్నందుకు మరో రోజైతే సిగ్గుతో చచ్చిపోయేవాడు.

ఇన్‌స్పెక్టరుగారు దగ్గరకొచ్చి వంగి చూశాడు. నురగ, నెత్తురు, తెగిన తోలు. విసుగ్గా వెనక్కి తగ్గాడు.

"దరిద్రుడా, చూడాల్సిన చోటే చీరేశావు. ఇందులో ఏం తేలుతుంది? జగన్నాధం, వీడికి గుడ్డ కట్టి పార్వతీపురం జీపులో పడెయ్యి. అక్కడ వాళ్లే తేల్చుకుంటారు."

ఆయన గుమ్మం వైపు తిరిగి సిగరెట్టుకి అగ్గిపుల్ల గీశాడు. తేమకి వెలగలేదు. ఇంకొకటి గీశాడు.

పార్వతీపురం. జీపు. జైలు. ఊచల అవతల కొడుకు, ఇవతల తాతమ్మ, చేతిలో నువ్వులుండల మూట. కూర్మయ్య గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. దేవుడికి దండం పెట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. చెల్లెలికి ఏం చెప్పాలో, ఏ మాటతో మొదలెట్టాలో అప్పుడే మనసులో కూర్చుకుంటున్నాడు. ఆడు బతికే ఉన్నాడే తాతమ్మా, ఈ కల్లతో సూశాను, ఈ సేతుల్తో ముట్టుకున్నాను. ఆ సంతోషంలో తన చేతిని మరిచిపోయాడు.

చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఎడమ చెయ్యి తడిగుడ్డతో నురగ తుడిచేసింది. కుడి చెయ్యి గిన్నెలోంచి పటిక ముక్క తీసింది. రక్తం కనపడ్డ చోట పెట్టి, మెత్తగా అదిమి, ఇటూ అటూ రుద్దింది. ఎవరి ముఖం మీద రక్తం కనపడినా అలాగే చేసింది ఇన్నేళ్లూ. దానికి వేరే చెప్పేవాడు అక్కర్లేదు. చెప్పి ఆపేవాడు ఆ క్షణాన లేడు.

లక్ష్ముడు ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కున్నాడు. అప్పుడు తెలిసింది కూర్మయ్యకి. పటిక ముక్క వేళ్లలోంచి జారి గిన్నెలో పడింది.

నెత్తురు ఆగిపోయింది. చుట్టూ చర్మం బిగుసుకుని తెల్లబడింది. కొత్త గాటు ఎర్రటి తిన్నని గీతగా నిలిచింది. దాని చివర, కత్తి అందని చోట, పాత మచ్చ కొడవలి కొనలా వంపు తిరిగి ఉంది. ఆనాడు పిల్లవాడు నవ్వి కదిలాడు గనక వంపు వచ్చింది. ఇవాళ వాడు కదల్లేదు. గాటు తిన్నగా పోయింది.

కూర్మయ్య అరచెయ్యి అడ్డం పెట్టబోయాడు. అప్పటికే సిగరెట్టు వెలిగింది. ఇన్‌స్పెక్టరుగారు ఇటు తిరిగాడు. దగ్గరకొచ్చి, కూర్మయ్య చెయ్యి మెల్లగా పక్కకి తీసి, బొటనవేలు ఆ వంపు మీద పెట్టి రాసి చూశాడు.

"ఇదిగో," అన్నాడు.

 ఆయన కూర్మయ్య భుజం తట్టాడు. మనసారానే తట్టాడు.

"భేష్. నువ్వు పటిక రాసి ఉండకపోతే తేలేది కాదు."

జగన్నాధం ఖైదీ రెక్క పట్టుకుని లేపాడు. కూర్మయ్య కత్తీ గుడ్డా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.  లక్ష్ముడు గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు. గడ్డం పోయిన ముఖం పదిహేడేళ్ల పిల్లవాడి ముఖంలా చిన్నదైపోయింది.

"నొప్పెట్టనేదు, తాతా," అన్నాడు.

మావా అనలేదు. అనకూడదని తెలుసు వాడికి.

కూర్మయ్య వరండాలోకి ఎలా వచ్చాడో అతనికే తెలియదు. కొండబాబు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు, సబ్బు ఆరిపోయిన ముఖంతో. గిన్నె కొట్టుగదిలోనే ఉండిపోయింది; గంగులు ఇచ్చిన నీళ్లతో కూర్మయ్య మళ్లీ నురగ పట్టాడు, గడ్డం పైకెత్తాడు, కత్తి పెట్టాడు. గెడ్డ వైపు బూట్ల చప్పుడు వెళ్లింది. నీళ్లలో దిగిన చప్పుడు వినపడింది. తరవాత వాన తప్ప ఏమీ లేదు. కూర్మయ్య చెవులు గెడ్డ అవతల ఉన్నాయి. చెయ్యి ఇక్కడ ఉంది. అది గొంతు కింద నుంచి గడ్డం దాకా నున్నగా జరుగుతూ పోతోంది.

అవతలి గట్టు మీంచి తుపాకి పేలింది. ఆగి, ఇంకొకటి.

కొండబాబు అదిరిపడ్డాడు. అదిరిపడే క్షణానికి ముందే కత్తి చర్మం మీంచి లేచింది. కూర్మయ్య ఎప్పుడు లేపాడో, ఎలా లేపాడో, కొండబాబు గొంతు మీద చిన్న గీరు కూడా పడలేదు. కూర్మయ్య కత్తి వైపూ చేతి వైపూ మార్చి మార్చి చూసుకున్నాడు. ఇంత నేర్చిన చెయ్యి ఇందాక ఎక్కడికి పోయింది? అతనికి తన చేతి మీద అసహ్యం పుట్టింది. నరికేసుకుందామన్నంత అసహ్యం.

"అయిపోనాదా?" అన్నాడు కొండబాబు మెల్లిగా. దేని గురించి అడిగాడో అతనికే తెలియనట్టుంది.

"అయిపోనాది బావూ. ఎల్లు."

వరసలో మిగిలినవాళ్లకీ గీశాడు. ఎవరు ఏం మాట్లాడారో వినలేదు. గెడ్డ దాటినవాళ్లు తిరిగి వచ్చి, బట్టలతో సహా గెడ్డలో మునిగి, చలికి వణుకుతూ గంగులు పొయ్యి చుట్టూ చేరారు. వాళ్ల మధ్య లక్ష్ముడు లేడు. ఎవరూ పేరెత్తలేదు. కూర్మయ్య ఒక్కొక్కరి చేతులూ చూశాడు, వీళ్లలో ఎవరివని. తరవాత తన చేతులు చూసుకుని, మరెవరి చేతులూ చూడటం మానేశాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కేంపు ముసుగు తన్ని పడుకుంది. కూర్మయ్య పొది తీసుకుని గెడ్డ దిగువకి, వెదురు పొదల చాటుకి వెళ్లాడు. నీళ్లు దోసిట పట్టి తల మీద పోసుకున్నాడు. ఎర్రటి మట్టినీళ్లు. తేర్చే పని పెట్టుకోలేదు. సబ్బు తీయలేదు, అద్దం తీయలేదు. మీసం ఎడమ కొస పట్టుకుని కత్తి పెట్టి లాగేశాడు. తరవాత కుడి కొస. ఊడిన మీసాన్ని గెడ్డలో వదిలేస్తే అది ఒక్క చుట్టు తిరిగి కొట్టుకుపోయింది. తరవాత తల. ఇసక మీద కత్తి నడిచి నెత్తి నిండా రక్తం చిమ్మింది. చిన్నవాళ్లు పోతే పెద్దవాళ్లు తల తీయించుకోవడం ఎక్కడా లేదు. మంగలి తన తల తాను గీసుకోవడమూ లేదు. కానీ లక్ష్ముడికి పెళ్లి కాలేదు, కొడుకు లేడు, వాడి శవం కూడా ఎవరికీ దొరకదు. ఎవరో ఒకరు చెయ్యాలి. పుట్టెంట్రుకలు తీసినవాడు తనే, ఇదీ తనే. రక్తం కళ్లలోకి కారుతుంటే తుడుచుకోకుండా ఏడ్చాడు. గెడ్డ హోరులో ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు.

వంటపాక వెనక నుంచి ఎక్కి వస్తుంటే గంగులు చూశాడు. మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"మావా! ఇదేటి? మీసం... ఎవురు పోనారు?"

"మా సెల్లి కొడుకు."

"అయ్యయ్యో. ఎప్పుడు?"

"ఇయ్యేల."

"ఇయ్యేలా? కబురెవురు తెచ్చినారు? పొద్దుట్నుంచి ఎవురూ రానేదే..." అంటూ గంగులు ఆగిపోయాడు. గెడ్డ వైపు చూశాడు. మళ్లీ కూర్మయ్య వైపు చూశాడు. గరిటె కింద పెట్టి, దగ్గరకొచ్చి, రెండు చేతులతో ముసలాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒగ్గీరా. ఈ సెయ్యి అట్టుకోకు," అన్నాడు కూర్మయ్య.

గంగులు ఒదల్లేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆ గుండుతో ఆల కంట పడకు మావా. అడుగుతారు. అడిగితే నువ్వు సెప్పీగలవు. సింతతోపు ఎనకాల దారుంది, అలగ ఎల్లిపో. గెడ్డకి నీలకెల్లినాడు, ఇంకా రానేదని సెప్తాను. పొద్దుగూకినాక గెడ్డ అట్టుకుపోయిందేమో అంతాను."

"దాన్నేటని ఓదార్సాల్రా నాను?" అన్నాడు కూర్మయ్య. "మా తాతమ్మకేటని సెప్పాలి? బతికున్నాడంటే సాలన్నాది. అంతే అడిగింది. ఈ సేతుల్తో... సేతులారా ఒప్పసెప్పీసినాన్రా."

గంగులు తన తలగుడ్డ విప్పి, ముసలాడి గుండుకి చుట్టి, రక్తం కనపడకుండా ముడివేశాడు. రెండు అరిసె ముక్కలు ఆకులో చుట్టి పొదిలో పెట్టాడు. కూర్మయ్య పొది చంకన పెట్టుకున్నాడు. వాన మళ్లీ పెరుగుతోంది. చింతతోపు వెనక దారిలో అతని వంగిన వీపు కాసేపు కనపడి, తరవాత కనపడలేదు.

మర్నాడు పొద్దున్న మంగలి కోసం కేకలు వేశారు. గెడ్డ తీసుకుపోయిందన్నాడు గంగులు. ముసలాడు, కళ్లు కూడా ఆనడం లేదన్నాడు కదా నిన్న, పాపం అన్నాడు జగన్నాధం. ఇన్‌స్పెక్టరుగారు ఇంకో మంగలిని చూడమన్నాడు. పోలీసులు గడ్డాలు నిమురుకుంటూ గోనెపట్టాలు కప్పుకుని చెదిరిపోయారు.

కొట్టుగదిలో ముక్కాలిపీట పక్కన సత్తు గిన్నె పెట్టినచోటే ఉంది. నిన్నటి నుంచి ఎవరూ కదపకపోవడంతో మట్టంతా అడుక్కి దిగి, నీళ్లు తేటగా, కిటికీ వెలుగు లోపలి దాకా పోయేటట్టు ఉన్నాయి. అడుగున ఎర్రటి మట్టి మీద పటిక ముక్క, ఇంకా కొంచెం మిగిలే ఉంది.